నెమ్మదస్తురాలు

సత్యవేణి గొడవలకు దూరంగా ఉండే మనిషి అని ఆ రిపోర్టులో రాసి ఉంది. కోపం తక్కువట. నలుగురిలో గొంతెత్తదట. ఎవరేమన్నా సర్దుకుపోతుందట. స్టాఫ్ రూములో కూర్చుని అది చదివి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. పక్క టేబులు దగ్గర పేపర్లు దిద్దుకుంటున్న ఎకనామిక్స్ మేడం కళ్ళజోడు దించి, "ఏటి నూకరత్నం, ఏటైంది?" అని అడిగింది. "మా సత్యవేణి నోట్లో వేలు పెట్టినా కొరకదంటండీ, ఇదిగో, రాసిచ్చేరు" అన్నాను. ఆవిడా నవ్వింది. సత్యవేణి సంగతి మా కాలేజీలో తెలియనివాళ్ళు లేరు.

ఆ రిపోర్టు చూసి నేను నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు.

నేను అనకాపల్లిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పీడీని, అంటే ఆటల మేడాన్ని. ఏటేటా రెన్యువల్ చేసే కాంట్రాక్టు ఉద్యోగం. ఒకప్పుడు జిల్లా టీముకు కబడ్డీ ఆడాను. ఎడమ మోకాలు పోయింది గానీ నోరు పోలేదు. సాయంత్రం గ్రౌండులో నేను అరిస్తే రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు డ్రైవరు తనను ఆపమన్నాననుకుని బ్రేకు వేసిన రోజులున్నాయి.

ఆ నోటికి దీటైన నోరు నాకు ఇన్నేళ్ళలో ఒక్కటే దొరికింది. సత్యవేణిది రావికమతం అవతల కొండ మీద ఊరు. అక్కడ ఈ చేలోంచి ఆ చేలోకి కేకేసే మాట్లాడుకుంటారు, దాని గొంతు ఆ కొలతకే తయారైంది. మా టీములో అదే ప్రధాన రైడర్. కూతకు వెళ్ళిందంటే అవతలి ఏడుగురూ ఒక అడుగు వెనక్కి వేయాల్సిందే. కాలు గీత మీద పడలేదంటే పడలేదనే, రిఫరీ ముందు కూర్చుని గీత మీద దుమ్ము చూపించి మరీ వాదించేది. ఒకసారి నర్సీపట్నంలో మ్యాచ్ మధ్యలో నేను దాన్ని బయటికి పిలిచినందుకు నీళ్ళ సీసా నేలకేసి కొట్టి, "మీకు కల్లు లేవేటి మేడం? ఆ కార్నరు గుంట కాలు నొప్పితో కుంటతన్నాది, నానిప్పుడే గదా దాన్ని కొట్టాల!" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని తిట్టాను, అదీ తిట్టింది, తిడుతూనే మళ్ళీ లోపలికి పంపాను. ఆ కుంటే పిల్లను కొట్టి మ్యాచ్ గెలిపించింది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు కోసం శ్రీదేవితో దెబ్బలాడి, సీటు గెలుచుకుని, వేరుశనగకాయలు ఒలిచి నా ఒళ్ళో పోసింది. "పోన్లే" అనే మాట ఆ గుంట నోట నేను వినలేదు. గీత దగ్గర్నుంచి కిటికీ సీటు దాకా ఏదీ వదిలేది కాదు.

అలాంటి పిల్లకు ఈ రిపోర్టు ఎలా వచ్చిందో చెప్పాలంటే కంపెనీ సంగతి చెప్పాలి.

అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ మా టీమును తీసుకుని పెంచుతానంది. ఎంపికైన పిల్లలకు హాస్టలు, తిండి, మంచి మ్యాటు, రోజూ ప్రాక్టీసు, అక్కణ్ణించి రాష్ట్ర టీము క్యాంపులు. సత్యవేణికి అది చివరి మెట్టు. డిగ్రీ అయిపోవచ్చింది. వాళ్ళ నాన్న జోగి కొండ దిగి వచ్చి, నా ముందు చేతులు కట్టుకుని నిలబడి చెప్పేశాడు. "ఈ యేడు సూత్తానండి మేడంగోరు. ఆట్లోకి తీసుకున్నారా, మంచిది. నేదంటే ఆట మానీసి కంపెనీ బస్సెక్కి పన్లోకి పోవాల. తమ్ముడు సదువుకోవాల, జీడి కాపు సూత్తే అలగున్నాది. నానేటి సేసేది?" ఆ మాటలో తప్పేముంది? "తీసుకుంటార్లే జోగీ, దీన్ని కాక ఇంకెవర్ని తీసుకుంటారు" అన్నాను. సత్యవేణి పక్కనే నిలబడి, "సూసేవా అయ్యా, మేడం సెప్పేరు" అని ఎగిరింది.

కంపెనీ తరఫున ఈ పని చూసేవాడు దేవీప్రసాద్. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో తాడుకు వేలాడే కార్డు, మాటకు ముందు "సీ మేడం" అనే అలవాటు. మనిషి చెడ్డవాడు కాడు. ఎవరికీ చెడు చెయ్యాలని ఉండదు, ఎవరి ముందూ తాను చెడ్డ కాకూడదు, అంతే. ఆయన వైజాగ్ నుంచి లావణ్య అనే ఆవిడను తీసుకొచ్చాడు. మనుషుల స్వభావాలు పరీక్ష పెట్టి తేల్చడం ఆవిడ పని.

పరీక్షకు ముందు లావణ్య నాతో కాసేపు మాట్లాడింది. "అందరికీ ఒకే రకం కోచింగ్ పట్టదు మేడం. ఒకమ్మాయికి నలుగురిలో చెప్తే పౌరుషం వస్తుంది. ఇంకో అమ్మాయికి పక్కకు పిలిచి చెప్పాలి. ఎవరి పక్కన ఎవరు చెయ్యి పట్టుకుంటే చైన్ గట్టిగా ఉంటుందో కూడా కొంత తెలుస్తుంది. మార్కుల్లేవు, పాస్ ఫెయిల్ లేదు. మీకు పనికొచ్చేందుకే" అంది. ఆ మాట నాకు నచ్చింది. నచ్చలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? ఇన్నేళ్ళూ అందరినీ ఒకే విజిలుతో అదిలించినదాన్ని. ఆ విజిలుకు బెదిరి ఆట మానేసిన పిల్లలు నాకూ గుర్తున్నారు.

"రేపు పెద్దవాళ్ళొస్తన్నారు, శుభ్రంగా రండి" అని పిల్లలతో ముందురోజు చెప్పింది నేనే. మర్నాడు చూస్తే, ఎప్పుడూ ట్రాక్ ప్యాంట్లలో తిరిగేవాళ్ళు పంజాబీ డ్రస్సులు వేసుకుని, చున్నీలు రెండువైపులా పిన్నులు పెట్టుకుని, తలలో మల్లెపూలు తురుముకుని వచ్చారు. సత్యవేణి తలకు నూనె రాసుకుని నున్నగా జడ వేసుకుంది. ఎదురుగా కుర్చీల్లో దేవీప్రసాద్, లావణ్య. మధ్యలో బల్ల మీద బిస్కెట్లు. పిల్లలు చాప మీద వరసగా తలలు వంచుకుని కూర్చున్నారు. "భయం లేదమ్మా, మీరెలాంటివాళ్ళో తెలుసుకుందామనే వచ్చాం" అంది లావణ్య నవ్వుతూ. ఆ నవ్వుకు మా కార్నర్ ప్లేయర్ ఒకతి కాలి బొటనవేలితో చాప మీద గీతలు గీసింది. అది చూసైనా నాకు వెలగాల్సింది! నేనేమో, కబడ్డీ పిల్లలకు ఎంత క్రమశిక్షణ నేర్పానో కదా అని మురిసిపోతూ నిలబడ్డాను.

ఫోన్లలో తెలుగులోనే ప్రశ్నలు వచ్చాయి. మీకు త్వరగా కోపం వస్తుందా. పెద్దలు చెప్పింది నచ్చకపోతే ఎదురు చెప్తారా. పదిమందిలో ఉన్నప్పుడు ఎక్కువగా మాట్లాడతారా. మీకు కావలసింది వేరొకరు తీసుకుంటే ఏం చేస్తారు. పిల్లలు టకటకా నొక్కేశారు. ఎవరూ ఆలోచించలేదు, ఎవరూ పక్కవాళ్ళ ఫోను చూడలేదు. అందరికీ జవాబులు నోటికి వచ్చినట్టే ఉన్నాయి.

రిపోర్టులు వచ్చిన రోజు సాయంత్రమే దేవీప్రసాద్ ఫోను చేశాడు. "సీ మేడం, మీ టీమ్ చాలా డిసిప్లిన్డ్. కానీ అటాకింగ్ నేచర్ అసలు లేదు. శ్రీదేవి ఒక్కతే కాస్త డిఫరెంట్‌గా వచ్చింది. డిఫెన్సుకు మీవాళ్ళను తీసుకుంటాం. రైడర్లను సబ్బవరం టీము నుంచి చూసుకుంటాం."

"సత్యవేణి?"

"ఆ అమ్మాయి మరీ సాఫ్ట్ కదా మేడం."

"ఎవరండీ సాఫ్టు? అది సాఫ్టైతే నేను పట్టు పురుగునండీ!" అని అరిచాను. ఆయన చాలా మర్యాదగా, మీటింగులో ఉన్నానని చెప్పి పెట్టేశాడు.

అప్పుడు నా ముందున్న దారి ఒకటే. ఆ పరీక్ష ఉత్త చెత్త అని చెప్పి కొట్టిపారేయాలి. అదీ కుదరలేదు. ఎందుకంటే శ్రీదేవి రిపోర్టు అక్షరం అక్షరం నిజం. శ్రీదేవిది కుడి కార్నర్. కాలు పట్టడానికి తొందరపడిపోతుంది. ఏడాదిగా గ్రౌండు మధ్యలో తిడుతున్నాను, ఒక్క ముక్క ఎక్కలేదు. నలుగురిలో తిడితే బిగుసుకుపోతుంది, మనసులో పెట్టుకుంటుంది, పక్కకు పిలిచి కారణం చెప్తే చేస్తుంది అని అందులో ఉంది. చూద్దామని దాన్ని కుళాయి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, రైడర్ బరువు ముందు కాలి మీదికి వచ్చాక పట్టమని చెప్పాను. నా గొంతు అంత తగ్గడం నాకే వింతగా ఉంది. మర్నాడు ప్రాక్టీసులో శ్రీదేవి పట్టిన పట్టు చూసి విజిల్ వేయడం మర్చిపోయాను.

మరి శ్రీదేవి సంగతి అంత బాగా తెలిసినవాళ్ళకు సత్యవేణి ఎందుకు తెలియలేదు? శ్రీదేవినే అడిగాను. అది నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. శ్రీదేవికి పెళ్ళయి ఏడాది దాటింది, మొగుడు చెరుకు లారీ డ్రైవరు.

"నాకేటి మేడం, నాకు పెల్లైపోనాది గదా. ఇంకెవులికి దాసాలి? ఉన్నదున్నట్టు నొక్కీసేను. ఈలందరూ పెల్లిసూపుల్లో సెప్పినట్టు సెప్పీసేరు."

గ్రౌండు అవతల చెట్టు కింద బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న సత్యవేణిని పిలిచాను.

"ఓలె, నీకు కోపం రాదా?"

"వత్తాది మేడం."

"మరి రాదని ఎందుకు నొక్కేవే?"

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మరేటి నొక్కమంతారు? కొత్తోలొచ్చి, కుర్సీలేసుకు కూకోని, కోపమొత్తాదా, పెద్దోల మాట ఇంటావా, పదిమందిలో అరుత్తావా అనడిగితే, వత్తాది, ఇనను, అరుత్తాను అని సెప్తామేటి? మాయమ్మ సంపీదూ! కిందటేడు మాడుగుల నుంచి సూడ్డానికొచ్చినోలు కూడా ఇయ్యే అడిగేరు. అప్పుడు సెప్పిందే ఇప్పుడూ సెప్పేను."

"అప్పుడేమైంది?"

"ఆలకి తెగ నచ్చీసేను మేడం. నానే ఒద్దన్నాను, ఆట మాన్పించీమన్నారని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దాన్నని లాభం ఏముంది? నా పెళ్ళిచూపులప్పుడు నేను చెప్పింది మాత్రం ఏమిటి? నెమ్మదైన పిల్లనని చెప్పాను. మా ఆయన ఇప్పటికీ ఎవరైనా చుట్టాలొస్తే ఆ మాట ఎత్తి నవ్విస్తాడు. ఈ ఊళ్ళలో ఆడపిల్లను ముక్కూమొహం తెలియనివాళ్ళు కూర్చోబెట్టి నీ స్వభావం ఏమిటని అడిగే సందర్భం ఒక్కటే. దానికి చెప్పే జవాబూ ఒక్కటే. మా పిల్లలకు అది కబడ్డీ కంటే ముందే వచ్చు.

"దాని వల్ల నిన్ను తీసెయ్యబోతన్నారే" అని చెప్పాను. సత్యవేణి మొహం మాడిపోయింది. "నెమ్మదిగా ఉంటానంటే తీసేత్తారేటి మేడం? ఎక్కడైనా దానికే గదా తీసుకుంటారు?" అంది.

మర్నాడు సెలవు పెట్టి అచ్యుతాపురం వెళ్ళాను. లావణ్య కూడా ఆ రోజు అక్కడే ఉంది. విషయం వినగానే ఆవిడ మొహం చిన్నబోయింది. "తప్పు నాదే మేడం. అడిగేముందు ఒక సాయంత్రం గ్రౌండులో కూర్చుని వీళ్ళను చూడాల్సింది. మళ్ళీ పెడదాం, ఈసారి ఎవరూ ఎదురుగా కూర్చోవద్దు" అంది. దేవీప్రసాద్ వైపు తిరిగి, "సార్, ఇది కోచింగ్ కోసం ఇచ్చింది. సెలక్షన్‌కు వాడకూడదని ముందే చెప్పాను" అని కూడా అంది. ఆయన నొచ్చుకున్నాడు. "నేను మాత్రం ఏం చెయ్యను మేడం? ఈ అమ్మాయిని ఎందుకు తీసుకున్నారు, ఆ అమ్మాయిని ఎందుకు వదిలేశారు అని పైవాళ్ళు అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా" అన్నాడు. ఆయన భయం ఆయనది. చివరికి, ఒక్క సత్యవేణికి మాత్రం మళ్ళీ పెట్టడానికి ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం దాన్ని మా ఇంటికి పిలిచాను. కడుపునిండా అన్నం పెట్టి, నా ఫోను చేతిలో పెట్టి, "ఎవరూ లేరు. నీ మీద ఒట్టు, నా మీద ఒట్టు, ఉన్నది ఉన్నట్టు నొక్కు" అని వంటింట్లోకి పోయాను. అవతలి గదిలోంచి అది ప్రశ్నలు పైకి చదువుతూ తనలో తాను నవ్వుకోవడం వినిపించింది. "మీకు కావలసింది వేరొకరు తీసుకుంటే... తీసుకోమను సూద్దాం!" అంది ఒకచోట. నా ప్రాణం లేచొచ్చింది.

రెండో రిపోర్టు వచ్చింది. నాకూ వచ్చింది, సత్యవేణి ఫోనుకూ వచ్చింది, దేవీప్రసాద్‌కూ వెళ్ళింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. తన మాటే నెగ్గాలనే స్వభావం ఎక్కువ. చెప్పిన మాట స్వీకరించడం తక్కువ. జట్టులో ఘర్షణకు అవకాశం ఉంది.

దాని కింద, రెండో పేజీలో, కోచ్‌కు సూచనలు ఉన్నాయి. ఈమెను వాదించనివ్వండి. ఆదేశించకండి, కారణం చెప్పండి. బాధ్యత అప్పగిస్తే జట్టు కోసం ప్రాణం పెడుతుంది. అది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇదే కదా మా సత్యవేణి! నేను మూడేళ్ళు తిట్టి, తిట్టించుకుని తెలుసుకున్నది ఆ పేజీలో చక్కగా రాసిపెట్టి ఉంది. లావణ్యకు దండం పెట్టాలనిపించింది.

దేవీప్రసాద్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాడు.

"పేజీ తిప్పండి సార్."

"చూశాను మేడం. కానీ ఇలాంటి అమ్మాయి హాస్టల్లో ఉంటే రోజూ ఏదో ఒక కంప్లయింట్. రేపు నాకు చుట్టుకుంటుంది." బల్ల మీద రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టాడు. "పైగా చూడండి, అప్పుడొకటి, ఇప్పుడొకటి. ఒకే మనిషి కదా? అంటే నిలకడ కూడా లేదన్నమాట."

నెమ్మదిదైతే ఆటకు పనికిరాదు, గట్టిదైతే హాస్టలుకు పనికిరాదు, రెండూ అయితే నిలకడ లేదు! ఎటు తిరిగినా గోడే. ఆయన చెవులు మెలిపెట్టాలనిపించింది. కానీ నేను చేసింది అది కాదు. బతిమాలాను. ఈ నూకరత్నం, మోకాలు విరిగినా ఎవర్నీ చెయ్యి ఇమ్మని అడగనిది, ఆ కుర్రాడి ముందు చేతులు జోడించింది. "కాగితాలొద్దు సార్. ఒక్కసారి ఆడనిచ్చి చూడండి. మీ కళ్ళతో చూడండి" అన్నాను. ఆయన ఇబ్బందిగా కదిలి, సబ్బవరం టీముతో ఎలాగూ ట్రయల్ మ్యాచ్ ఉందని, అందులో దించమని చెప్పాడు.

మ్యాచ్ కంపెనీ మ్యాటు మీదే జరిగింది. దేవీప్రసాద్ ఒక పక్క కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రిఫరీ అప్పలరాజు, వేరే కాలేజీ పీడీ, నాకు ఎప్పటినుంచో తెలిసినవాడు. సత్యవేణి పొద్దుటినుంచీ నాతో మాట్లాడలేదు. బెదురేమో అనుకుని వీపు తట్టాను.

మొదటి కూతలోనే ఏదో తేడా తెలిసింది. దాని కూత చెవులు చిల్లులు పడేలా ఉండాలి. ఆ రోజు ప్రార్థనలో చదివినట్టు ఉంది. తొడ చరచలేదు. ఎదుటివాళ్ళను కవ్వించలేదు. అయినా కాళ్ళు కాళ్ళే కదా, పాయింట్లు తెచ్చింది. చివర్లో ఇరువైపులా సమానంగా ఉన్నప్పుడు కూతకు వెళ్ళి, కవర్ స్థానంలో నిలబడ్డ పిల్లను ముట్టుకుని, పక్క గీత అంచు మీదుగా తప్పించుకుని వచ్చింది. కాలు గీత లోపలే ఉంది. నేను చూశాను, శ్రీదేవి చూసింది, సబ్బవరం పిల్లలు కూడా తలలు పట్టుకున్నారు. అప్పలరాజు విజిల్ వేసి, కాలు బయట పడిందని చెయ్యి చూపించాడు.

నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఇప్పుడు వెళ్ళి గీత దగ్గర కూర్చుంటుంది, దుమ్ము దులుపుతుంది, అప్పలరాజు తాత ముత్తాతల దాకా పోతుంది. సత్యవేణి ఆగింది. నోరు తెరిచింది. కుర్చీలో ఉన్న దేవీప్రసాద్ వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది. నోరు మూసుకుని, తల వంచుకుని, బయటికి నడిచింది.

"ఏటయ్యా అప్పలరాజూ, కళ్ళేం చేశావు!" అని నేను అరిచాను. మ్యాటు మీదికి వెళ్ళిపోయాను. గీత దగ్గర నేను కూర్చున్నాను, వేలు పెట్టి నేను చూపించాను. అప్పలరాజు నాకు కార్డు చూపించాడు. దేవీప్రసాద్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ పాయింటుతో మ్యాచ్ పోయింది.

సత్యవేణి నీళ్ళ డ్రమ్ము పక్కన నేల మీద కూర్చుని ఉంది. రెక్క పట్టుకుని లేపాను. "నోరేమైందే? పడిపోయిందా? ఎందుకడగలేదే!"

"రిపోర్టు సదివేను మేడం. గొడవలు సేత్తానని రాసేరు. ఆయన సూత్తన్నాడు గదా." దాని కళ్ళు నిండుగా ఉన్నాయి గానీ ఏడవలేదు. "నెమ్మదంటే ఒద్దన్నారు, గొడవంటే ఒద్దన్నారు. ఎలగుండాలో ఒక్కసారి సెప్పీయండి మేడం. అలగే ఉండిపోతాను."

నేను దానికి రైడ్ నేర్పాను, బోనస్ పాయింటు తేవడం నేర్పాను, పట్టులోంచి జారడం నేర్పాను. ఆ ఒక్క ప్రశ్నకు నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు. దాన్ని దగ్గరికి తీసుకుందామంటే అది రాలేదు, చేతులు పక్కన వేలాడేసుకుని నిలబడింది.

దేవీప్రసాద్ వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చాడు. ఓదార్చాలనే వచ్చాడు. "సీ మేడం, నేను ఓపెన్ మైండ్‌తోనే చూశాను. కాంట్రవర్సీ వచ్చినా కామ్‌గా వెళ్ళిపోయింది. మొదటి రిపోర్టే కరెక్టు. ఫైట్ లేదు. కానీ మంచి అమ్మాయి. మా ప్యాకింగ్‌లో ఖాళీలున్నాయి. అక్కడ ఇలాంటి స్వభావం ఉన్నవాళ్ళే కావాలి. నేను రికమెండ్ చేస్తాను."

జోగి మళ్ళీ కొండ దిగి వచ్చాడు. నా కళ్ళలోకి చూడకుండా, "తమరు సేయాల్సింది తమరు సేసేరండి" అన్నాడు. సత్యవేణి బూట్లు తెచ్చి స్టోర్ రూములో పెట్టింది. "ఉంచుకోవే, నీవే కదా" అన్నాను. "అక్కడ రబ్బరు సెప్పులిత్తారంట మేడం" అంది.

శ్రీదేవి హాస్టల్లో చేరింది. బాగా ఆడుతోందని విన్నాను. లావణ్య ఒకసారి ఫోను చేసి సత్యవేణి గురించి అడిగింది. చెప్పాను. "ఇకనుంచి ముందు ఆట చూసే అడుగుతాను మేడం" అంది. మంచిదే. ఇంకో పిల్లకు పనికొస్తుందేమో. మా పిల్లకు మాత్రం అయిపోయింది.

మొన్న కొత్త బ్యాచ్ పిల్లల్ని మ్యాచ్‌కు తీసుకెళ్తూ పొద్దున్నే నెహ్రూ చౌక్‌లో నిలబడ్డాను. అచ్యుతాపురం కంపెనీ బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళలో సత్యవేణి కనిపించింది. జుట్టు బిగించి ముడేసుకుంది, మెళ్ళో తాడుకు కార్డు వేలాడుతోంది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నాకు సంతోషం వేసింది, కిటికీ మాత్రం వదల్లేదు అనుకున్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళేలోగా వెనక ఎక్కిన ఒకామె దాని భుజం తట్టి, చేత్తోనే లెమ్మని సైగ చేసింది. సత్యవేణి లేచింది. ఆమె కిటికీ దగ్గర కూర్చుని టిఫిను డబ్బా ఒళ్ళో సర్దుకుంది. సత్యవేణి ఇవతల అంచున, ఎవరికీ తగలకుండా కూర్చుంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కిటికీ ఊచలు పట్టుకుని, చౌక్ అంతా తిరిగి చూసేలా అరిచాను. "ఓలె సత్యవేణీ! నీ సీటేనే అది! లెగమను దాన్ని! అడగవేటే!"

అది నన్ను చూసి గుర్తుపట్టి నవ్వింది. ఆ నవ్వు నేను ఎరిగిన నవ్వు కాదు. బస్సు కదిలింది. ఇంజను మోతలో దాని గొంతు నాకు వినిపించీ వినిపించనట్టు ఉంది.

"పోన్లెండి మేడం" అంది.